ఖిల్లాని ఇంకెన్నాళ్లు బెంచ్ మీద కూర్చోబెడదాం?

జగిత్యాల ఖిల్లా గురించి మాట్లాడేవాళ్లు రెండు రకాలు. మొదటి రకం వాళ్లు "మన వారసత్వం, ముట్టుకోవద్దు, గేటుకి తాళం వేసి కాపాడుకోవాలి" అంటారు. రెండో రకం వాళ్లు "ఊళ్లో అంత జాగా ఉత్తగా పడి ఉంది, డెవలప్ చెయ్యాలి" అంటారు. డెవలప్ అంటే ఏంటయ్యా అని అడిగితే ఒక పార్కు, నాలుగు రంగు లైట్లు, "ఐ లవ్ జగిత్యాల" అని మనిషెత్తు అక్షరాలు, వాటి ముందు ఒక సెల్ఫీ. ఇక మనలాంటి సాఫ్ట్‌వేర్ వాళ్లది మూడో రకం. డ్రోన్ ఫోటోని వాట్సాప్ గ్రూపులో ఫార్వర్డ్ చేసి, పైన ఒక గుండె బొమ్మ పెట్టి, స్టాండప్ కాల్‌కి వెళ్లిపోతాం :)

నన్నడిగితే ఈ ముగ్గురి వల్లా ఖిల్లాకి ఒరిగేదేం లేదు. పాత ఆయుధశాల నిలబడాలంటే దానికి రోజూ చెయ్యడానికి ఒక పని ఉండాలి. ఆ పని ఆ ఊరివాళ్లకి నిజంగా అవసరమైనదై ఉండాలి. పని లేని కట్టడం, ఎంత గొప్పదైనా సరే, మన భాషలో చెప్పాలంటే బెంచ్ మీద ఉన్నట్టే. బెంచ్ మీద ఎక్కువ రోజులుంటే ఏమవుతుందో మనకి ఎవరూ చెప్పక్కర్లేదు కదా.

ముందు అసలు ఇది ఏంటో చూద్దాం. బ్రిటిష్ వాళ్ల ఇంపీరియల్ గెజిటీర్ ప్రకారం జఫరుద్దౌలా కోసం ఫ్రెంచి ఇంజనీర్లు 1747లో ఈ కోట కట్టారు. జాక్, తాల్ అనే ఇద్దరు ఇంజనీర్ల పేర్లు కలిసి జగిత్యాల అయిందని ఊళ్లో ఒక కథ కూడా ఉంది. కథ నిజమో కాదో పక్కన పెట్టండి. శాటిలైట్ మ్యాపులో ఒక్కసారి ఖిల్లాని చూడండి. నక్షత్రం ఆకారం, చుట్టూ కందకం. ఆ ఆకారం అందం కోసం పెట్టింది కాదు. ఫిరంగులు వచ్చాక ఎత్తైన నిట్టనిలువు గోడలు పనికిరాకుండా పోయాయి. గుండు తగిలితే కూలిపోతాయి. అందుకని గోడలు పొట్టిగా, లావుగా కట్టి, మూలల్ని బాణం ములుకుల్లా బయటికి లాగారు. ఒక బురుజు అడుగున దాక్కున్నవాణ్ని పక్క బురుజు మీదనుంచి కాల్చవచ్చు. ఎక్కడా గుడ్డి మూల మిగలదు. ఫ్రాన్సులో 17వ శతాబ్దంలో వోబాన్ అనే సైనిక ఇంజనీరు ఈ లెక్కని పరాకాష్ఠకి తీసుకెళ్లాడు. ఆయన కోటల్లో 12 చోట్లని 2008లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో పెట్టింది. వాటిలో ఒకటైన నఫ్ బ్రిజాక్ అనే నక్షత్ర కోటలో ఇప్పటికీ జనం కాపురాలు చేస్తున్నారు. అంటే మన ఊళ్లో ఉన్నది మామూలు రాళ్లగుట్ట కాదు, యూరప్‌లో పుట్టిన ఒక డిజైన్‌కి తెలంగాణ మట్టిలో దిగిన ఇంప్లిమెంటేషన్.

మరి ఇంత గొప్పదాన్ని వాడుకునేది ఎప్పుడు? పంద్రాగస్టుకి జెండా ఎగరేసినప్పుడు. మిగతా రోజుల్లో దాన్ని పట్టించుకునేది ఎవరు?

"ప్రభుత్వం కాపాడుతుంది లెండి" అనేవాళ్లకి హైదరాబాద్ చూపిస్తాను. అక్కడా మన ఖిల్లాకి చుట్టం లాంటిదే ఒక కట్టడం ఉంది. అదీ ఫ్రెంచివాడి చెయ్యి పడ్డదే. ఆబిడ్స్ దగ్గర గన్‌ఫౌండ్రీ అని బస్సులో ఎన్నిసార్లు విని ఉంటారు? దాని అసలు పేరు తోప్ కా సాంచా. తోప్ అంటే ఫిరంగి, సాంచా అంటే అచ్చు. నిజాం అలీఖాన్ కొలువులో ఉన్న రేమండ్ అనే ఫ్రెంచి సేనాని 1786లో కట్టించిన ఫిరంగుల ఫ్యాక్టరీ అది. రేమండ్ 1798 మార్చిలో పోయాడు. (1798 అంటే జగిత్యాల రైతులకి గుర్తొచ్చేది జగిత్యాల సన్నాల వడ్లు, జేజీఎల్ 1798. ఆ 1798 వేరు, ఇది వేరు!) అదే ఏడాది అక్టోబరులో బ్రిటిష్ రెసిడెంటు కిర్క్‌పాట్రిక్ వాళ్లు ఆ ఫ్రెంచి పటాలంలోని సుమారు 14 వేల మంది చేత ఆయుధాలు కింద పెట్టించారు. లెక్క వేసుకోండి, కట్టించినవాడి ప్రాజెక్టు 12 ఏళ్లకే క్లోజ్. ఆ తర్వాత గడిచినవి రెండు వందల ఇరవై ఏళ్ల పైమాటే.

ఇన్నేళ్లలో ఆ పేరుకి బోలెడంత ఉద్యోగం దొరికింది. 1942లో హైదరాబాద్ స్టేట్ బ్యాంక్ మొదటి శాఖ తెరిచింది గన్‌ఫౌండ్రీలోనే. పేటకి ఆ పేరే, స్టాపుకి ఆ పేరే. కానీ కట్టడం ఎక్కడుంది అని అడిగితే ఆ రోడ్డు మీద రోజూ తిరిగేవాళ్లలో ఎంతమంది చూపించగలరు? పేరు మిగిలింది, మనిషి పోయినట్టు. గోల్కొండలో సిలాఖానా సంగతీ అంతే. మూడంతస్తుల ఆయుధాగారం అది. కోట చూడ్డానికి వచ్చినవాళ్లు దర్వాజా దగ్గర చప్పట్లు కొట్టి, పైకి వినిపించిందా అని అడిగి, చెమటలు కక్కుకుంటూ బాలాహిస్సార్ ఎక్కుతారు. పక్కనున్న సిలాఖానా వైపు తల కూడా తిప్పరు.

ఇప్పుడు దీనికి ఎదురుగా ఇంకో ఉదాహరణ. ఆ ఫ్రెంచి పటాలాన్ని రద్దు చేయించిన కిర్క్‌పాట్రికే తర్వాత కోఠిలో పెద్ద రెసిడెన్సీ కట్టించాడు. 1949 నుంచి అందులో ఆడపిల్లల కాలేజీ నడిచింది. భవనం పాతబడింది, పెచ్చులూడింది, అదీ నిజమే. కానీ వేలమంది అమ్మాయిలు అక్కడ చదువుకున్నారు కాబట్టి అది కూలిపోతోందని చెప్పే నోళ్లు ఉన్నాయి. 2002లో ప్రపంచ స్మారక నిధి వాళ్ల ప్రమాద జాబితాలోకి ఎక్కింది, మరమ్మతులు జరిగాయి, 2023లో జనం కోసం మళ్లీ తలుపులు తెరుచుకున్నాయి. రెండూ ఒకే కాలం కట్టడాలు, ఒకే ఊరివి, ఒకే కథలోవి. ఒకదానికి పని దొరికింది, ఇంకోదానికి దొరకలేదు. తేడా అదే.

"ఆయుధశాలలో కాలేజీలు, లైబ్రరీలు ఎట్లా కుదురుతాయి" అనేవాళ్లుంటారు. న్యూయార్క్, న్యూజెర్సీలో ఉన్న మనవాళ్లు ఈసారి మాన్‌హాటన్ వెళ్లినప్పుడు పార్క్ అవెన్యూ ఆర్మరీ చూసి రండి. 1880లో సెవెంత్ రెజిమెంట్ వాళ్లు కట్టుకున్న ఆయుధశాల అది. కవాతు హాలు ఒక్కటే 55 వేల చదరపు అడుగులు. 2000 సంవత్సరంలో అదీ ప్రమాద జాబితాలోదే. 2006లో ఒక లాభాపేక్ష లేని సంస్థ 99 ఏళ్ల లీజుకి తీసుకుంది. ఇప్పుడు ఆ హాల్లో నాటకాలు, సంగీత కచేరీలు. నాకు నచ్చిన విషయం ఇంకోటుంది. అదే భవనంలో ఇల్లు లేని ఆడవాళ్లకి ఆశ్రయం కూడా నడుస్తుంది. టికెట్ కొనుక్కుని కచేరీకి వచ్చేవాళ్లూ, తల దాచుకోవడానికి వచ్చేవాళ్లూ ఒకే చూరు కింద. వెనిస్‌లో నౌకాదళం ఆయుధశాల సంగతి చూడండి, 1980 నుంచి అందులో ప్రపంచస్థాయి ప్రదర్శనలు జరుగుతున్నాయి. ఆయుధశాలలో గోడలు లావుగా ఉంటాయి, లోపల జాగా విశాలంగా ఉంటుంది, ఎండ వేడి తొందరగా దిగదు. మందుగుండు చెమ్మగిల్లకుండా దాచడం తెలిసినవాళ్లు కట్టినవి అవి. ఇంతకంటే ఏం కావాలి?

అట్లా అని నేను రెండో రకం డెవలప్‌మెంట్ పార్టీలో చేరిపోలేదు. వాళ్లతో నా తగువు ఇంకా పెద్దది. మనలో ప్రతి ఒక్కడూ ఎప్పుడో ఒకప్పుడు పాత కోడ్ బేస్‌ని నెత్తికెత్తుకున్నవాడే. కామెంట్లుండవు, రాసినవాడు కంపెనీలో ఉండడు, కానీ ప్రొడక్షన్‌లో నడుస్తూ ఉంటుంది. కొత్తగా చేరిన కుర్రాడు మొదటి వారంలోనే "మొత్తం తీసేసి మళ్లీ రాద్దాం" అంటాడు. సీనియర్ ఏం చెప్తాడు? ముందు చదువు. ఏ లైను ఎందుకుందో తెలిసేదాకా డిలీట్ చెయ్యకు. చేసిన ప్రతి మార్పునీ వెనక్కి తీసుకునేలా చెయ్యి.

ఖిల్లాకీ ఇవే రూల్సు. ఉదాహరణకి సిమెంటు. పాత గోడలు రాయి, సున్నంతో కట్టినవి. సున్నం ఊపిరి పీల్చుకుంటుంది, అంటే లోపలికి దిగిన తడిని మెల్లగా బయటికి వదిలేస్తుంది. మన కాంట్రాక్టర్ దాని మీద నున్నగా సిమెంటు పూస్తాడు, పైన ఎనామిల్ రంగు వేస్తాడు. రిబ్బన్ కటింగ్ నాటికి మెరిసిపోతుంది. తడికి బయటికి దారి ఉండదు. లోపల ఉప్పు పేరుకుని నాలుగు వానాకాలాలు తిరిగేసరికి రాతి ముఖమే పొరలు పొరలుగా ఊడొస్తుంది. వందల ఏళ్లు నిలబడ్డ గోడని సుందరీకరణ పేరుతో చంపడమంటే ఇదే. కాబట్టి సున్నంతో కట్టినదాన్ని సున్నంతోనే బాగు చెయ్యాలి. గోడకి మేకు కొట్టకుండా రేపు విప్పి తీసేయగలిగే చెక్క అరలు, విడిగా నిలబడే లైట్లు పెట్టాలి. మరుగుదొడ్లు కోట బయట కట్టాలి. కందకంలో చెత్త పడనివ్వకూడదు. ఇవన్నీ ఖరీదైన పనులు కావు, ఓపిక కావాల్సిన పనులు.

సరే, పెట్టే పని ఏంటి? నాకు తోచింది చెప్తాను, మీకు ఇంకా మంచిది తోస్తే చెప్పండి.

మొదటిది, చదువుకునే హాలు. మన ఊళ్లలో గ్రూప్స్‌కి, కానిస్టేబుల్ పరీక్షలకి ప్రిపేర్ అయ్యే పిల్లలు ప్రశాంతంగా కూర్చోవడానికి ఒక కుర్చీ కోసం హైదరాబాద్ అశోక్‌నగర్ దాకా పోయి హాస్టల్ ఫీజులు కడుతున్నారు. తండ్రి గల్ఫ్‌లో చెమటోడ్చి పంపిన డబ్బుల్లో కొంత ఇట్లా ఆవిరవుతోంది. ఆ కుర్చీ ఖిల్లా ఆవరణలోనే దొరికితే? రోజూ రెండు వందల మంది పిల్లలు వచ్చే చోట చెట్లు మొలిచి గోడ చీలితే ఎవరో ఒకరు గొడవ చేస్తారు. అంతకు మించిన సెక్యూరిటీ గార్డు ఎవరూ ఉండరు.

రెండోది, మన జిల్లాల సొంత మ్యూజియం. 2016 అక్టోబర్ 11న జగిత్యాల జిల్లా అయింది, సిరిసిల్ల కూడా అదే రోజు వేరే జిల్లా అయింది. కలెక్టరేట్లు వచ్చాయి గానీ, మన పనితనం చూపించే చోటు రాలేదు. సిరిసిల్లలో మరమగ్గాన్ని ఏమంటారో తెలుసు కదా, సాంచా! హైదరాబాద్‌లో ఫిరంగి పోసిన అచ్చుకీ అదే మాట, సిరిసిల్లలో బట్ట నేసే యంత్రానికీ అదే మాట. ఖిల్లాలో ఫిరంగి పక్కన ఒక సాంచా పెట్టి, సిరిసిల్ల పెద్దమనిషి చేత నడిపించి చూపిస్తే పిల్లలకి చరిత్ర పాఠం వేరే చెప్పాలా? ఒకప్పుడు కోరుట్లలో చేత్తో కాగితం చేసేవాళ్లు. పట్వారీల లెక్కల పుస్తకాలకి ఆ ముతక కాగితమే వాడేవాళ్లని గెజిటీర్‌లోనే ఉంది. మన తాతల భూముల లెక్కలు రాసిన కాగితం ఎట్లా తయారయ్యేదో చూడాలని మీకు లేదా? నాకైతే ఉంది.

ఆ మ్యూజియంలో తీపి కథలే పెట్టొద్దు. మా ప్రాంతంలో ఆయుధాల కథ నిజాంతో అయిపోలేదు. 1978 సెప్టెంబర్ 9న జగిత్యాలలో రైతుకూలీల జైత్రయాత్ర, మరుసటి నెలలోనే జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలని కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించడం, ఆ తర్వాత ఇళ్లల్లో పెద్దవాళ్లు గొంతు తగ్గించి చెప్పుకున్నవన్నీ... ఏ పక్షం వాళ్లయినా సరే, జరిగింది జరిగినట్టు చెప్పుకోవడానికి ఆయుధశాల కంటే తగిన చోటు ఏముంటుంది?

"ఇదంతా జరిగే పని కాదు, రాజకీయ నాయకులు పడనివ్వరు" అని కామెంటు చేయబోయేవాళ్లకి ఒక మాట. 2019లో ఎర్రమంజిల్ పడగొట్టి కొత్త అసెంబ్లీ కడతామని ప్రభుత్వమే కేబినెట్‌లో నిర్ణయం తీసుకుంది. కొంతమంది కోర్టుకెళ్లారు. అదే సెప్టెంబర్‌లో హైకోర్టు ఆ నిర్ణయాన్ని కొట్టేసింది. పట్టుకుని కూర్చున్నవాళ్లుంటే పనులవుతాయి.

మరి మన వంతు? డ్రోన్ ఫోటో ఫార్వర్డ్ చెయ్యడం ఆపమనను, చేసుకోండి. దాంతోపాటు సమాచార హక్కు కింద పది రూపాయలు కట్టి ఒక దరఖాస్తు పెట్టండి. ఖిల్లా మరమ్మతులకి గత పదేళ్లలో ఏ ఏడాది ఎంత ఖర్చయింది, గోడల పరిస్థితి మీద ఇంజనీర్లు ఇచ్చిన రిపోర్టు ఉందా, ఉంటే కాపీ ఇవ్వండి అని. మూడు లైన్లు చాలు. మనలో సివిల్ చదివి సాఫ్ట్‌వేర్‌లోకి దూకినవాళ్లు బోలెడంత మంది ఉన్నారు. సెలవులకి ఊరెళ్లినప్పుడు అనుమతి తీసుకుని కొలతలు పట్టండి, పగుళ్ల ఫోటోలు తేదీతో సహా దాచండి. వచ్చే ఏడాది అదే చోట మళ్లీ తీయండి. పగులు పెరిగిందో లేదో తెలుస్తుంది. బగ్ రిపోర్ట్ చెయ్యకుండా ఫిక్స్ రాలేదని ఏడవడం మన వృత్తికే అవమానం.

జఫరుద్దౌలాకి శత్రువులున్నారు కాబట్టి ఖిల్లా కట్టించుకున్నాడు. మనకి పరీక్షలున్నాయి, సాంచాలున్నాయి, గల్ఫ్ ఉంది. మన అవసరాలకి దాన్ని వాడుకుందాం. ముందు ఆ దరఖాస్తు ఎవరు పెడుతున్నారో చెప్పండి, రెండోది నేను పెడతాను.