పిట్టగోడ చెప్పే పాఠం

కొత్తిల్లు పూర్తయింది. గృహప్రవేశానికి ముహూర్తం దగ్గరపడింది. చేతిలో డబ్బులు మాత్రం అయిపోయాయి. 'డాబా మీద పిట్టగోడ తర్వాత చూద్దాంలే' అనుకుంటాం. అలా కుదరదు, ముందు పిట్టగోడ కట్టు అంటుంది యూదుల ధర్మశాస్త్రం!

యూదుల పవిత్ర గ్రంథం తోరా. అయిదు గ్రంథాల సంపుటి అది. దాన్ని 54 భాగాలు చేసి, వారం వారం చదువుతూ ఏడాదిలో పూర్తిచేస్తారు. ఒక్కో భాగాన్ని 'పరాషా' అంటారు. శనివారం ఉదయం ప్రార్థనామందిరంలో, చేత్తో రాసిన తోలు చుట్టను విప్పి అందరికీ వినిపించేలా చదువుతారు. చివరి భాగం పూర్తయిన రోజునే మళ్లీ మొదటికొస్తారు. అవే మాటలు, ఏటా కొత్త ఆలోచనలు. మన గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలోనూ యూదు మతాన్ని ఆచరించే చిన్న తెలుగు సమాజం ఉంది.

ఈ భాగాల్లో ఒకటి 'కీ తెత్సే'. ఆగస్టు-సెప్టెంబరుల్లో, యూదుల కొత్త సంవత్సరానికి ముందు వస్తుంది. తోరాలో మొత్తం 613 ఆజ్ఞలున్నాయని సంప్రదాయం చెబుతుంది. వాటిలో 74 ఇందులోనే. యుద్ధం మాటతో మొదలైనా ఇందులో ఎక్కువగా కనిపించేది మన ఇల్లూ, పొలమూ, కూలీ, అప్పూ. పొలంలో మరచిపోయిన పన కోసం వెనక్కి వెళ్లొద్దు, అది పరాయివాడికీ అనాథకీ వితంతువుకీ వదిలెయ్. అప్పు కింద తిరగలిని తాకట్టు పట్టొద్దు, ఆ ఇంట్లో పిండి విసురుకునేది దాంతోనే. సంచిలో రెండు రకాల తూకంరాళ్లు పెట్టుకోవద్దు. ఇలా సాగుతుంది వరస.

వాటి మధ్యలోనే ఉంది పిట్టగోడ సంగతి. ఆ ప్రాంతంలో ఇళ్లన్నీ చదును కప్పులవే. పంట ఎండబెట్టినా, రాత్రి పడుకున్నా డాబా మీదే. అందుకే కొత్తిల్లు కడితే కప్పు చుట్టూ గోడ కట్టాలి. లేకపోతే పైనుంచి ఎవరైనా పడినప్పుడు ఆ రక్తదోషం ఇంటికే అంటుతుంది. గోడ పది బెత్తెల ఎత్తుండాలని, అంటే రెండున్నర మూడడుగులని, మనిషి ఆనుకున్నా పడిపోనంత గట్టిగా ఉండాలని తర్వాతి పండితులు వివరించారు.

ఇక్కడో చిక్కు ప్రశ్న. పడిపోవాలని రాసిపెట్టి ఉంటే ఎలాగైనా పడతాడు కదా, మధ్యలో నా తప్పేముంది? ఈ ప్రశ్న మనకూ కొత్త కాదు. 'వాడి రాత అలా ఉంది' అనేసి చేతులు దులుపుకోవడం మనకు తెలిసిందే. 11వ శతాబ్దంలో ఫ్రాన్సులో ఉన్న వ్యాఖ్యాత రాషి, పాత గురువుల మాట తీసుకుని దీనికి జవాబిచ్చాడు. రాత లేదని ఆయన అనలేదు. ఉంటే ఉండనీ... అది నీ చేతుల మీదుగా మాత్రం జరక్కూడదు అన్నాడు. ఎదుటివాడి రాత సంగతి దేవుడు చూసుకుంటాడు. గోడ సంగతి చూసుకోవాల్సింది నువ్వు!

ఆ ఒక్క గోడ నుంచే ఎన్నో సూత్రాలు పుట్టాయి. కరిచే కుక్కను పెంచొద్దు, ఊగిసలాడే నిచ్చెనను ఇంట్లో ఉంచొద్దు అన్నారు గురువులు. నుయ్యి ఉంటే చుట్టూ గోడైనా కట్టాలి, మూతైనా వెయ్యాలి అని 12వ శతాబ్దంలో మైమోనిడిస్ రాశాడు. నీళ్లు పడని బోరుబావిని వదిలేస్తే ఏమవుతుందో మనకు తెలుసు. వాటిని పూడ్చాలని మన సుప్రీంకోర్టు 2010లో మార్గదర్శకాలు ఇవ్వాల్సి వచ్చింది.

ఇదే పరాషాలో కూలి మాటా ఉంది. కూలివాడి డబ్బులు ఆ పొద్దు గుంకకముందే ఇచ్చెయ్యాలి. అతను పేదవాడు, ప్రాణమంతా దానిమీదే పెట్టుకుని ఉంటాడు. సొంతవాడైనా పరాయివాడైనా ఒకటే.

దీనికి తోడుగా చెప్పుకోదగ్గ కథ ఒకటి తాల్ముద్‌లో ఉంది. బాబిలోనియాలో ఒక పండితుడి ద్రాక్షసారాయి బానను హమాలీలు పగలగొట్టారు. నష్టానికి బదులుగా ఆయన వాళ్ల పైబట్టలు లాక్కున్నాడు. వాళ్లు రవ్ అనే గురువు దగ్గర మొరపెట్టుకున్నారు. బట్టలు తిరిగిచ్చెయ్యమన్నాడాయన. ఇదేం న్యాయం అన్నాడు పండితుడు. మంచివాళ్లు నడిచే దారి ఇదే అన్నాడు గురువు. 'పేదవాళ్లం, పొద్దంతా కష్టపడ్డాం, ఆకలిగా ఉంది, చేతిలో ఏమీ లేదు' అన్నారు హమాలీలు. అయితే కూలి కూడా ఇచ్చెయ్ అన్నాడు రవ్!

పాపం, నష్టపోయింది పండితుడే. 'బాన పగలగొట్టింది వాళ్లు, నా తప్పేముంది?' అని అడిగే హక్కు ఆయనకుంది. కానీ ఆ రాత్రి పస్తు పడుకోవాల్సింది ఎవరో గురువు చూశాడు.

తప్పు ఎవరిదన్న లెక్క తేలేసరికి పొద్దు గుంకిపోతుంది. ఆలోపు మన చేతిలో ఉన్న పని ఏమిటో చూసుకోమంటోంది ఈ పఠనం. రేపు పొద్దున ఒకసారి డాబా ఎక్కి చూడండి. దిగివచ్చాక, పనిమనిషికి ఇవ్వాల్సిన బాకీ ఏమైనా మిగిలి ఉందేమో గుర్తుచేసుకోండి. రెండూ పిట్టగోడలే!