రంగు చూసి ఉప్పు కొందామా?

'అన్నీ వేసి చూడు, నన్ను వేసి చూడు' అందిట ఉప్పు. కూరలో దాని విలువ మనకెవరూ చెప్పక్కర్లేదు. కాని కొనేటప్పుడు మాత్రం దాన్ని పట్టించుకునేవాళ్ళు తక్కువ. చింతపండు కొంటే గింజలున్నాయేమోనని విడదీసి చూస్తాం. కందిపప్పు రెండు పలుకులు నోట్లో వేసుకుంటాం. ఉప్పు దగ్గరికొచ్చేసరికి 'ఓ ప్యాకెట్ ఇవ్వు బాబూ' అనేస్తాం.

ఈమధ్య ఉప్పు గురించీ మాట్లాడుకుంటున్నాం, సంతోషమే. అయితే ఆ మాటలన్నీ రంగు చుట్టూనే తిరుగుతున్నాయి. గులాబిరంగు ఉప్పు వాడటం ఇప్పుడో గొప్ప. 'మేం మామూలు ఉప్పు మానేశామండీ' అని పేరంటాల్లో చెప్పుకుంటున్నారు. తెల్లటి మెత్తనుప్పు విషమనీ, మామూలు రాళ్ళుప్పే అమృతమనీ మరికొందరి వాదన. ఈ హడావుడిలో అసలు చూడాల్సింది చూడటం మానేస్తున్నామేమోనని నా భయం.

గులాబిరంగు ఉప్పు ఎక్కువగా పాకిస్తాన్ పంజాబులోని ఖేవ్డా గనుల్లోది. కొద్దిపాటి ఇనుము కలిసి ఉండటం వల్ల దానికి ఆ రంగు. మిగతాదంతా మనం తినే ఉప్పే. 'ఎన్ని ఖనిజాలున్నాయో!' అంటారు. ఉన్నాయి, కాని రోజుకో చెంచాడు ఉప్పులో అవెంతని? తోటకూర కట్టలో దొరికే ఇనుము ఉప్పులోంచి రావాలని కూర్చుంటే ఇనుముకన్నా ముందు బి.పి. వస్తుంది. ఖరీదు చూస్తే మామూలు ఉప్పుకి ఎన్నో రెట్లు. పోనీ డబ్బు మనది, కొనుక్కుంటాం. కాని విడిగా కలిపితే తప్ప అందులో చాలినంత అయోడిన్ ఉండదు. చిక్కంతా అక్కడే ఉంది.

మనిషికి రోజుకి కావలసిన అయోడిన్ 150 మైక్రోగ్రాములు. గర్భిణికి 250. జీవితకాలం మొత్తానికి కలిపినా ఓ చెంచాడు. అది అందకపోతే గొంతు దగ్గర గాయిటర్ వాపు వస్తుందని చాలామందికి తెలుసు. అంతకంటే పెద్ద నష్టం కంటికి కనిపించదు. తొలి నెలల్లో కడుపులోని బిడ్డ మెదడు ఎదగడానికి కావలసిన థైరాయిడ్ హార్మోను తల్లి నుంచే రావాలి. లోపం బాగా ఎక్కువైతే గర్భస్రావాలు, చనిపోయిన బిడ్డ పుట్టడం, పుట్టిన బిడ్డకి బుద్ధిమాంద్యం, చెవుడు రావచ్చు. ఆ తొలి నెలల్లో చాలామందికి తాము గర్భవతులమన్న సంగతే తెలియదు. అందుకే మంచి ఉప్పు అప్పుడు కొందాంలే అనుకుంటే కుదరదు, ముందునుంచీ ఇంట్లో ఉండాలి.

ఈ సంగతి మన దేశంలో రుజువు చేసి చూపించినవారిలో ముఖ్యుడు మన తెలుగువాడే. శ్రీకాకుళంలో పుట్టిన డాక్టర్ వులిమిరి రామలింగస్వామి బృందం 1956లో హిమాచల్‌లోని కాంగ్రా లోయలో అయోడిన్ కలిపిన ఉప్పుతో పరిశోధన మొదలుపెట్టింది. ఆ ఉప్పు తిన్న ఊళ్ళలో కొన్నేళ్ళకే బడిపిల్లల గాయిటర్ బాగా తగ్గింది. 1962లో ప్రభుత్వం జాతీయ కార్యక్రమం చేపట్టింది. తినడానికి అమ్మే ఉప్పులో అయోడిన్ ఉండి తీరాలన్న నిబంధన 2006 మే 17 నుంచి దేశమంతటా అమల్లోకి వచ్చింది.

'మా అమ్మమ్మలు రాళ్ళుప్పు తిని నూరేళ్ళు బతకలేదా?' అని అడుగుతారు. బతికినవాళ్ళని చూసి అడిగే ప్రశ్న అది. వరసగా కడుపులు పోయిన కోడళ్ళని, మాట రాని పిల్లల్ని ఎవరు లెక్కపెట్టారు? 'ఏ జన్మలో ఏ పాపం చేసుకుందో' అని తల్లినే ఆడిపోసుకున్నారు. అన్నిటికీ అయోడిన్ లోపమే కారణమని నేననను. కాని కొన్నిటికైనా కారణం ఆమె పాపం కాదు, వంటింట్లో ఉప్పు జాడీ.

రాళ్ళుప్పు మీద నాకు కోపమేం లేదు. గల్లుప్పు అనండి, దొడ్డుప్పు అనండి, నౌపడా, చినగంజాం మళ్ళలో ఎండకి మాడుతూ పండించినవాళ్ళ కష్టం అది. కాని సముద్రంలో అయోడిన్ ఉన్నా, మడిలో పండిన ఉప్పులో మిగిలేది బహు స్వల్పం. అయోడిన్ కలిపిన రాళ్ళుప్పు కూడా ప్యాకెట్లలో దొరుకుతోంది, అది అడిగి తీసుకోండి. ఆవకాయకి ఎండబెట్టి దంచిన రాళ్ళుప్పే కావాలంటే అలాగే కానివ్వండి. రోజూ వండే కూరా పప్పుల్లోకి మాత్రం అయోడిన్ ఉప్పే వెయ్యండి.

కాబట్టి కొనేటప్పుడు రంగు కాదు, ప్యాకెట్ మీద అక్షరాలు చూడండి. అయోడైజ్డ్ అని ఉందా? తయారైన తేదీ మరీ పాతదా? ప్యాకెట్ చిరిగి చెమ్మ పట్టిందా? ఇంటికి తెచ్చాక మూతున్న సీసాలో పొయ్యికి దూరంగా ఉంచండి. తడి చెయ్యి పెట్టకండి. ఎండకి, చెమ్మకి అయోడిన్ తగ్గిపోతుంది. కూర దించబోయేముందు ఉప్పు వేస్తే ఇంకా మేలు. సోడియం తక్కువ ఉప్పు అని అమ్మేదాంట్లో పొటాషియం ఉంటుంది. ఇంట్లో కిడ్నీ జబ్బువాళ్ళుంటే డాక్టరునడగకుండా దాన్ని తేవద్దు.

అయోడిన్ ఉంది కదా అని ఎక్కువ తినమని కాదు సుమండీ. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే హద్దు రోజుకి 5 గ్రాములు, అంటే టీ చెంచాడుకి కాస్త తక్కువ. ఊరగాయ, అప్పడం, మిక్చరు అన్నీ అందులోకే వస్తాయి. మన ఇళ్ళలో ఆ హద్దు ఎప్పుడో దాటిపోయాం.

మంచి ఉప్పు కొనడానికి పెద్ద డబ్బక్కర్లేదు, ఆ సంగతి తెలిస్తే చాలు. మనకి తెలిసింది మన గుమ్మం దగ్గరే ఆపేయకూడదు. సంచిలో విడిగా పోసి అమ్మే ఉప్పు చవకని కొనుక్కునే కొత్త కోడలు మీ వీధిలోనూ ఉండొచ్చు. మన ఇంట్లో అంట్లు తోమే అమ్మాయీ కావచ్చు. శ్రీమంతానికి రవికెల గుడ్డ పెట్టడంకన్నా ముందు ఆమెకి ఈ ఒక్క మాట చెప్పడం మంచిది, ఏమంటారు?