ఐదు బ్లేడ్ల గడ్డం ఎవరికుంది?

ఐదు బ్లేడ్ల రేజర్ అవసరమైనంత గడ్డం మన సెకండియర్ సీఎస్‌ఈలో ఎవరికీ లేదు. ఉన్న ఒకరిద్దరేమో అసలు షేవింగే చెయ్యరు, ట్రిమ్మర్‌తో లాగించేస్తారు. అయినా మా హాస్టల్ ఫ్లోర్‌లో ఏ బాత్రూం గూట్లో చూసినా రబ్బరు గ్రిప్పు, నీలం పట్టీ, ఊగే తలకాయ ఉన్న రేజర్లే. ఒక్కో కార్ట్రిడ్జ్ వంద రూపాయల పైమాటే కాబట్టి దాన్ని నెలల తరబడి వాడతాం. మొద్దుబారినా వాడతాం. మెడ కింద ఎర్రగా పొక్కులు లేస్తే "నాది సెన్సిటివ్ స్కిన్ మామా" అని సరిపెట్టుకుంటాం.

నా వాదన ఒక్కటే. స్టూడెంట్‌కి సరిపోయేది మన తాతలు వాడిన సేఫ్టీ రేజర్. అదే, తల విప్పి, రెండు వైపులా పదునున్న పల్చటి బ్లేడు పెట్టి మళ్లీ బిగించేది. పాతదంతా బంగారం అనే బ్యాచ్ కాదు నేను. ఇది పూర్తిగా ఇంజనీరింగ్ వాదన. (బ్లేడు గురించి ఇంత పెద్ద వ్యాసం రాస్తే బ్లేడు వేశాడంటారని తెలుసు. ఆ జోక్ నేనే ముందు వేసేస్తున్నా, మీరు కామెంట్లలో కష్టపడక్కర్లేదు.)

కథ కింగ్ క్యాంప్ జిలెట్ అనే అమెరికన్ సేల్స్‌మన్‌తో మొదలవుతుంది. సోడా సీసాల మీద రేకు మూత ఉంటుంది కదా, దాన్ని కనిపెట్టిన విలియం పెయింటర్ కంపెనీలో పని చేసేవాడు. వాడి పారేసే వస్తువు ఏదైనా తయారుచెయ్యి, కొన్నవాడు మళ్లీ మళ్లీ వస్తాడు అని పెయింటర్ ఇచ్చిన సలహా ఇతని బుర్రలో ఉండిపోయింది. 1895లో గడ్డం గీసుకుంటుంటే ఐడియా వచ్చింది. అప్పటిదాకా రేజర్ అంటే మంగలి కత్తి. తోలు పట్టీ మీద నూరుకుంటూ జీవితాంతం వాడుకోవాలి. ఇతను పల్చటి ఉక్కు రేకుకి పదును పెట్టి, మొద్దుబారితే పారేద్దామన్నాడు. అంత పల్చటి రేకుని వంకర పోకుండా గట్టిపరచడం కుదరదని లోహాల సంగతి తెలిసినవాళ్లు చెప్పారు. ఎంఐటీలో చదివిన విలియం నికర్సన్ దాన్ని కుదిర్చాడు. 1901లో కంపెనీ పెట్టారు. 1903లో మొత్తం అమ్మినవి 51 రేజర్లు, 168 బ్లేడ్లు. మన ఫెస్ట్‌లో టీషర్టులు ఇంతకన్నా ఎక్కువ పోతాయి. తర్వాత పేటెంట్ వచ్చింది, యుద్ధం వచ్చింది, అమెరికా సైన్యం సైనికుల కిట్లలో ఈ రేజర్ పెట్టింది, ఇక తిరిగి చూసుకోలేదు.

ఒక తమాషా సంగతి. వాడి పారేసే వ్యాపారానికి ఆద్యుడైన ఇదే మనిషి 1894లో ద హ్యూమన్ డ్రిఫ్ట్ అని ఒక పుస్తకం రాశాడు. వ్యాపారాల మధ్య పోటీ అంతా దండగ, ప్రజలందరికీ చెందిన ఒకే ఒక్క కంపెనీ అన్నీ తయారుచెయ్యాలి అని అందులో వాదన! మనుషులు ఇంత విచిత్రంగా ఉంటారు.

మన ఈ-సెల్ వాళ్లు ప్రతి సెమినార్‌లో చెప్పే "రేజర్ అండ్ బ్లేడ్స్ మోడల్" గుర్తుందా? రేజర్ చవగ్గా ఇచ్చెయ్, బ్లేడ్ల మీద సంపాదించు. ప్రింటర్ చవక, ఇంకు ఖరీదు. దీన్ని జిలెట్ మొదటి రోజు నుంచే పాటించాడని స్లైడ్లలో వేస్తారు. షికాగో యూనివర్సిటీ లా ప్రొఫెసర్ రాండల్ పికర్ పాత ధరలన్నీ తవ్వి చూస్తే కథ వేరేలా తేలింది. పేటెంట్ ఉన్నంతకాలం ఆ రేజర్ 5 డాలర్లు, ఆ రోజుల్లో చాలా ఎక్కువ. 1921లో పేటెంట్లు అయిపోయాకే చవక రేజర్లు దిగాయి. అప్పటికి బ్లేడు ఎవడైనా చేసుకోవచ్చు. అంటే తాళం పోయాక తలుపు తీశాడన్నమాట.

నాకు అసలు పాయింట్ ఇక్కడే కనిపిస్తుంది. ఈ రోజు రెండంచుల బ్లేడు ఒక ఓపెన్ స్టాండర్డ్. టోపాజ్ కొన్నా, సెవెనోక్లాక్ కొన్నా, విల్కిన్సన్ కొన్నా మీ రేజర్‌లో పడుతుంది. జర్మనీ రేజర్‌లో పడుతుంది, అటక మీద దొరికిన యాభై ఏళ్ల నాటి రేజర్‌లోనూ పడుతుంది. బ్లేడు మధ్యలో ఆ పొడుగాటి చీలిక చూశారా? అది కూడా 1930 ప్రాంతంలో కంపెనీల కొట్లాటలోంచి వచ్చిందే. హెన్రీ గెయిస్మన్ అనే పోటీదారు జిలెట్ రేజర్‌లో పట్టే బ్లేడు చేశాడు, కానీ జిలెట్ బ్లేడు మాత్రం అతని రేజర్‌లో పట్టదు. చివరికి రెండు కంపెనీలూ కలిసిపోయాయి, ఆ చీలిక మిగిలిపోయింది. బ్యాక్‌వర్డ్ కంపాటిబిలిటీ అంటే ఏంటని వైవాలో అడిగితే నేను జావా వెర్షన్లు వదిలేసి ఇదే చెప్తా.

కార్ట్రిడ్జ్ ఈ తాళాన్ని మళ్లీ వేసింది. 1971లో ట్రాక్ టూ, రెండు బ్లేడ్లు, ప్లాస్టిక్ డబ్బాలో సీలు. ఇక హ్యాండిల్ ఎవరిదో కార్ట్రిడ్జూ వాళ్లదే. పేటెంట్ అయిపోయే లోపు కొత్త మోడల్ కావాలి కాబట్టి బ్లేడ్లు పెరుగుతూ పోయాయి. 1975లో సాటర్డే నైట్ లైవ్ మొదటి ఎపిసోడ్‌లోనే మూడు బ్లేడ్ల రేజర్ మీద ఉత్తుత్తి యాడ్ వేసి నవ్వించారు. 1998లో మాక్ త్రీ నిజంగానే వచ్చింది. 2003లో వేరే కంపెనీ నాలుగుతో క్వాట్రో దింపింది. 2004లో ది ఆనియన్ అనే వ్యంగ్య పత్రిక ఐదు బ్లేడ్ల మీద జోక్ రాసింది. 2006లో ఫ్యూజన్, ఐదు బ్లేడ్లు. రిక్వైర్‌మెంట్ డాక్యుమెంట్ కమెడియన్లు రాస్తే ఆర్ అండ్ డీ వాళ్లు కోడ్ చేసినట్టుంది.

ఇన్ని బ్లేడ్లు ఏం చేస్తాయి? మొదటిది వెంట్రుకని కొస్తూ కొంచెం పైకి లాగుతుంది, అది వెనక్కి జారే లోపు రెండోది ఇంకా కిందకి కోస్తుంది. అప్పుడు కోసిన కొస చర్మం కంటే లోపలికి వెళ్లిపోతుంది. చెంప నున్నగా ఉంటుంది, నిజమే. కానీ ఉంగరాల వెంట్రుకలైతే అది పెరిగేటప్పుడు బయటికి రాకుండా చర్మంలోకే తిరుగుతుంది. పొక్కులు అక్కణ్నుంచే. ఒక్క బ్లేడైతే చర్మం మట్టానికి కోసి ఊరుకుంటుంది.

డబ్బు లెక్క కూడా చూద్దాం. వారానికి మూడుసార్లు, అంటే ఏడాదికి 156 షేవింగులు. రెండంచుల బ్లేడు ఐదుసార్లు వస్తుందనుకుంటే 32 బ్లేడ్లు, ఒక్కోటి 4 రూపాయల చొప్పున 130 లోపే. కార్ట్రిడ్జ్ 12 సార్లు వస్తుందని ఉదారంగా ఒప్పుకున్నా 13 కావాలి, 130 రూపాయల చొప్పున దాదాపు 1,700. సేఫ్టీ రేజర్ మూడు నాలుగు వందలు పెట్టి ఒక్కసారి కొంటే చాలు. ఇంటి నుంచి నెలకి ఇంత అని ఫోన్‌పే చేయించుకునేవాళ్లకి ఇది చిన్న తేడా కాదు.

ఇక్కడ నా వాదనకే అడ్డొచ్చే కథ ఒకటుంది, చెప్పకుండా దాటేస్తే బాగోదు. జిలెట్ కంపెనీ ఇండియా కోసం వెక్టర్ అనే రేజర్ చేసినప్పుడు దాన్ని అమెరికాలో, ఎంఐటీలో చదివే మన ఇండియన్ స్టూడెంట్స్‌తో టెస్ట్ చేయించింది. ఇరుక్కున్న వెంట్రుకల్ని తోసేసే చిన్న పట్టీ కూడా పెట్టారు. వాళ్లకి బాగా నచ్చింది. ఇండియాకి తెస్తే ఆడలేదు. ఎందుకంటే అక్కడ కుళాయి ధార కింద కడుగుతారు. ఇక్కడ చాలామంది మగ్గులోనో గిన్నెలోనో కాసిని నీళ్లు పెట్టుకుని, కింద కూర్చుని, చేతిలో చిన్న అద్దంతో గీసుకుంటారు. ఆ నీళ్లలో ముంచితే పట్టీ పనిచెయ్యలేదు. 2008లో టీమ్ స్వయంగా వచ్చి ఇళ్లల్లో కూర్చుని చూసింది. 2010లో గార్డ్ వచ్చింది. ఒకే బ్లేడు, మొత్తం నాలుగే భాగాలు (మాక్ త్రీకి 25). రేజర్ 15 రూపాయలు, బ్లేడు 5. యూజర్‌ని చూడకుండా యూజర్ స్టోరీలు రాసే మనలాంటి మినీ ప్రాజెక్ట్ బ్యాచ్‌లకి ఇది ఒక సెమిస్టర్ సిలబస్.

అలాంటి కార్ట్రిడ్జ్ ఇప్పుడు పది రూపాయలనుకున్నా ఏడాదికి మూడొందలు దాటదు. కాబట్టి "కార్ట్రిడ్జ్ అంటే ఖరీదు" అని గుండుగుత్తగా అనడానికి లేదు. ఆ రేజర్ మంచి ఇంజనీరింగ్. నాకు నచ్చనిది తాళం ఒక్కటే. రేపు వాళ్లు ఆ కార్ట్రిడ్జ్ ఆపేస్తే ఆ హ్యాండిల్‌తో వీపు గోక్కోవాలి.

మా తాతయ్య నలభై ఏళ్లు సేఫ్టీ రేజరే వాడాడు. బ్రష్షు, గిన్నెలో సబ్బు, చివర్లో పటిక ముక్క. రెండేళ్ల కింద చేతులు వణకడం మొదలయ్యాక నాన్న కార్ట్రిడ్జ్ తెచ్చిచ్చాడు. "ఏరా, ఇదేంటి బొమ్మలా ఉంది" అని విసుక్కున్నాడు గానీ వాడుతున్నాడు, గాట్లు పడట్లేదు. చెయ్యి వణికేవాళ్లకీ, రైల్లో గీసుకునేవాళ్లకీ ఊగే తలకాయే మంచిది. విమానంలో అయితే విడి బ్లేడ్లని క్యాబిన్ బ్యాగులో రానివ్వరు కూడా. అమ్మాయిలకీ ఒక మాట. గులాబీ రంగు వేసి రేటు పెంచిన రేజర్ల బదులు ఇదే బ్లేడు మీకూ పనికొస్తుంది, 1915 నుంచే ఆడవాళ్ల కోసం సేఫ్టీ రేజర్ ఉంది.

మనకి చేతులు వణకవు కాబట్టి నేర్చుకోవడం రెండు వారాల పని. నొక్కకూడదు, అంతే. కార్ట్రిడ్జ్ మనకి నొక్కడం అలవాటు చేసింది. ఇక్కడ రేజర్ బరువే నొక్కుడు. పిడిని చెంపకి సుమారు 30 డిగ్రీలు వంచి, చర్మం కాస్త లాగిపట్టి, పొట్టి పొట్టిగా కిందకి లాగాలి. వెంట్రుక ఎటు పెరిగితే అటు. గడ్డం కింద దిశ మారుతుంది, వేలితో తడిమి చూసుకోవాలి. గోరువెచ్చని నీళ్లతో ముఖం తడిపితే సగం పని అయిపోయినట్టే. పటిక పది రూపాయలకి కిరాణా కొట్లో దొరుకుతుంది. మంట పుట్టిన చోటల్లా ఎక్కువ నొక్కారని అదే చెప్పేస్తుంది, డీబగ్గర్ లాగా.

ఒక జాగ్రత్త. యూట్యూబ్‌లో దీన్ని హాబీగా మార్చేసినవాళ్ల జోలికి పోవద్దు. జర్మనీ రేజర్ ఆరు వేలు, బ్యాడ్జర్ వెంట్రుకల బ్రష్షు మూడు వేలు, గంధం సబ్బు ఇంకో రెండు. పొదుపు కోసం మొదలుపెట్టి ఆరేళ్ల కార్ట్రిడ్జుల డబ్బు ఒక్క నెలలో తగలేస్తారు.

చివరగా వాడేసిన బ్లేడు సంగతి. కార్ట్రిడ్జ్ అంటే ప్లాస్టిక్, రబ్బరు, ఉక్కు కలిపి అతికించిన ముద్ద, విడదియ్యడం ఎవరికీ గిట్టుబాటు కాదు. రెండంచుల బ్లేడు మొత్తం ఉక్కే. కానీ సేఫ్టీ అన్న పేరు గీసుకునేవాడికే వర్తిస్తుంది. ఊడిన బ్లేడుని కవర్‌లో పడేస్తే, పొద్దున్నే ఆ కవర్ ఎత్తేది మా ఫ్లోర్ ఊడ్చే అక్క. ఆమె చేతికి గ్లౌజులుండవు. కవర్‌లో ఏముందో నొక్కి చూసి ఎత్తడం ఆమెకి అలవాటు. నా మాట విని ముప్పై మంది ఈ రేజర్‌కి మారితే ఏడాదికి దాదాపు వెయ్యి బ్లేడ్లు ఆ కవర్లలోకి వెళ్తాయి. అందుకే మారే ముందు డబ్బా పెట్టండి. బిస్కెట్ల రేకు డబ్బా ఏదైనా సరే, మూతకి సన్నటి చీలిక కోసి, చుట్టూ టేప్ వేసెయ్యండి. నిండాక పాత ఇనుము కొట్టువాడికి లోపల ఏముందో చెప్పి, డబ్బాతో సహా ఇవ్వండి. మా థర్డ్ ఫ్లోర్‌లో వాటర్ కూలర్ పక్కన ఒకటి ఉంది, మార్కర్‌తో తెలుగులో "బ్లేడ్లు" అని రాశాం, అక్క చదువుతుంది కాబట్టి. కార్ట్రిడ్జులు ఆ చీలికలో దూరవు. బలవంతంగా తొయ్యకండి.