తనిఖీలో మా ప్రశ్నలూ ఉండాలి: ఉపాధి కూలీల ప్రణాళిక

2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ఉపాధి హామీ పథకం మొదలైంది. ఆ ఏడాదే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సామాజిక తనిఖీలూ మొదలయ్యాయి. పనికీ కూలికీ గ్రామసభే లెక్క చూడాలని 2005 ఉపాధి హామీ చట్టం 17వ సెక్షన్ చెప్పింది. అంతకుముందే, 1994 నుంచి, రాజస్థాన్ పల్లెల్లో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ అనే సంస్థ జన్ సున్‌వాయిలు, అంటే బహిరంగ విచారణలు పెట్టి హాజరు మస్టర్లు జనం ముందు చదివించింది. లెక్క అడగడం కూలీలు కొట్లాడి తెచ్చుకున్న హక్కు. పథకం పేరు మారినా, చట్టం మారినా వదులుకోం.

తనిఖీ బృందం ఊళ్లోకి వచ్చి, నాలుగిళ్లు తిరిగి, వేలిముద్రలు వేయించుకుని పోతే దాన్ని మేం తనిఖీ అనం. వాళ్లు తెచ్చే ఫారంలో మా జవాబులకు గళ్లుంటాయి, మా ప్రశ్నలకు ఉండవు. మస్టర్‌లో పేర్లు సరిపోయాయా అంటారు. సరిపోతాయి! గట్టినేలలో తవ్విన గుంతకు మెత్తనేల రేటు కట్టారా? పని దగ్గర నీడ, తాగునీళ్లు, మందుల పెట్టె పెట్టారా? మేం పూడిక తీసిన కాలువలో తర్వాతి వానకు నీళ్లు పారాయా? ఇవి మేం అడిగేవి. కాబట్టి ఇంటింటికీ బయల్దేరకముందే బృందం కూలీల శ్రమశక్తి సంఘాలతో కూర్చోవాలి. ఏం అడగాలో అక్కడే తేలాలి.

పని మానేసినవాళ్లనూ, జాబ్ కార్డు పోయినవాళ్లనూ వెతికి అడగాలి. పథకం ఎక్కడ గాడి తప్పిందో వాళ్లకు తెలిసినంత మస్టర్‌కు తెలియదు.

ఫీల్డ్ అసిస్టెంటు, మేటు మా ఊరివాళ్లే, చాలీచాలని రాబడితో నెట్టుకొస్తున్నవాళ్లే. వాళ్ల సంజాయిషీ పూర్తిగా వినాలి. అయితే వాళ్లుగానీ వాళ్ల చుట్టాలుగానీ తనిఖీ బృందంలో ఉండకూడదు. పైవాళ్ల సంతకం లేనిదే జరగని తప్పును కిందిమనిషి ఒక్కడి మెడకే చుట్టే ప్రజావేదిక విచారణ మాకొద్దు.

గ్రామసభ సాయంత్రం పెట్టండి, పగలు పెడితే ఒకరోజు కూలి పోతుంది. ప్రతి పేరూ, ప్రతి మొత్తం పైకి చదవండి, మాలో చదువురానివాళ్లు చాలామంది. అంతకుముందు దళితవాడలో, తండాలో, గూడెంలో విడిగా కూర్చోండి. రచ్చబండ దగ్గర మైకు ముందు ఆడవాళ్లు చెప్పలేని మాటలు అక్కడ బయటికొస్తాయి. ఎవరి అభ్యంతరాన్నయినా కొట్టేస్తే కారణం రాయండి.

ఆరునెలలకోసారైనా తనిఖీ జరగాలని 2011 నాటి తనిఖీ నిబంధనలు చెప్పాయి. ప్రతిసారీ మొదటి అంశం పాత బాకీయే కావాలి: రికవరీ అని రాసిన సొమ్ములో ఎంత వచ్చింది, ఎవరిమీద ఏ చర్య తీసుకున్నారు? అది చెప్పకుండా కొత్త తనిఖీ మొదలుపెడితే కాగితాల మీద ఒక్క వేలిముద్ర కూడా వేయం.

అన్నలారా, అక్కలారా! ఈసారి గ్రామసభకు జాబ్ కార్డు, బ్యాంకు పాస్‌బుక్కు పట్టుకుని రండి. పక్కింట్లో పని మానేసినవాళ్లుంటే వాళ్లనూ వెంటబెట్టుకుని రండి.