అర్జీ పెడితే పరువు నష్టమా?

ఈ మధ్య ఒక ఊళ్లో రేషను డీలరు తూకంలో మోసం చేస్తున్నాడని ఆడకూలీలు తహశీల్దారుకు అర్జీ పెట్టుకున్నారు. విచారణ మొదలు కాకముందే వకీలు నోటీసు వచ్చిపడింది. పరువు తీశారు, క్షమాపణ చెప్పకపోతే కోర్టుకీడుస్తాం అని. వేలిముద్ర వేసినవాళ్లలో కొందరు భయపడి, “సంఘం వాళ్లు వెయ్యమంటే వేశాం, మాకేం తెలీదు” అనేశారు. వాళ్లను తప్పుపట్టలేం. కూలి పోగొట్టుకుని వాయిదాలకు తిరగడమంటే తీర్పు రాకముందే శిక్ష పడ్డట్టే. కేసు గెలిచినా ఓడినా పెత్తందార్లకొకటే, పేదల నోళ్లు మూతపడితే వాళ్లకంతే చాలు.

ఈ చట్టం సంగతి మన కార్యకర్తలు తెలుసుకోవాలి. 1860 నాటి శిక్షాస్మృతిలో 499, 500 సెక్షన్లుగా ఉన్నదే 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో 356వ సెక్షనుగా అమలవుతోంది. రెండేళ్ల దాకా సాధారణ జైలు గానీ, జరిమానా గానీ, రెండూ గానీ, లేదా సమాజ సేవ గానీ శిక్ష. అయితే పోలీసులు వారంటు లేకుండా పట్టుకుపోయే నేరం కాదిది. బెయిలు హక్కుగా వస్తుంది.

అదే సెక్షనులో పది మినహాయింపులున్నాయి. వకీలు నోటీసులో అవి కనపడవు. ఎనిమిదవది ఏమంటోంది? చర్య తీసుకునే అధికారం ఉన్నవారికి సద్భావంతో చేసిన ఫిర్యాదు పరువు నష్టం కాదంటోంది. తన మేలో, ఇతరుల మేలో కాపాడుకోవడానికి, లేదా ప్రజల మేలు కోసం సద్భావంతో అన్న మాట కూడా కాదని తొమ్మిదవది చెబుతోంది. శాసనసభలో సభ్యుడు ఏం మాట్లాడినా కోర్టు అడగడానికి లేదు. రాజ్యాంగం 194వ అధికరణం ఇచ్చిన పూర్తి రక్షణ అది. కూలివాడికి ఉన్నది షరతుల రక్షణ. ఆ షరతులేమిటి?

మొదటిది, చెప్పవలసిన చోట చెప్పడం. ఈ సూత్రం ఇంగ్లండులో 1834 నాటి ఒక కౌలుదారు కేసులో స్థిరపడింది. స్పైరింగ్ అనే రైతు ఒక ప్రభువు భూమి చేసేవాడు. మరమ్మతుకొచ్చిన టూగుడ్ అనే వడ్రంగి తాగాడనీ, పని సరిగా చేయలేదనీ, నేలమాళిగ తలుపు పగలగొట్టాడనుకుంటున్నాననీ ప్రభువు ఏజెంటుకు ఫిర్యాదు చేశాడు. వడ్రంగి దావా వేశాడు. ఏజెంటుకు చెప్పినదానికి రక్షణ ఉందనీ, వడ్రంగి లేనప్పుడు మరో పనివాడి దగ్గర అన్నదానికి లేదనీ కోర్టు తేల్చింది. మాట ఒకటే, చెప్పిన చోటు వేరు. అక్కడ నష్టపడ్డానన్నవాడు పనివాడే. పేదవాడి పరువూ పరువే, మనమూ మరిచిపోకూడదు.

రెండవది సద్భావం. మనసు మంచిదైతే చాలదు, తగిన జాగ్రత్త తీసుకుని ఉండాలంటుంది చట్టం. అది రుజువు చేసే బరువు మన మీదే ఉంది. అయితే ప్రాసిక్యూషను లాగా అనుమానానికి తావు లేకుండా రుజువు చేయనక్కర్లేదనీ, జరిగి ఉండవచ్చుననిపించేంత ఆధారం చాలుననీ సుప్రీంకోర్టు 1965లో హర్భజన్ సింగ్ కేసులో చెప్పింది. పంజాబు ముఖ్యమంత్రి కొడుకుపై ఆరోపణ చేసినందుకు ఆయనకు పడ్డ శిక్షను కొట్టేసింది.

ఇక్కడ మా తప్పు కూడా చెప్పుకోవాలి. ఆ ఊరి అర్జీలో “డీలరు దొంగ” అని రాశామే గానీ ఏ రోజున ఎన్ని కిలోలు తగ్గాయో రాయలేదు. అర్జీ ఫొటో తీసి వాట్సాప్‌లో పది గ్రూపులకు పంపాం. తహశీల్దారు దగ్గరున్న రక్షణ అక్కడ అంత తేలిగ్గా దొరకదు. ఇకమీదట తేదీ, కార్డుకు రావలసింది, చేతికొచ్చింది, చూసినవాళ్ల పేర్లు రాసుకుందాం. తిట్లు మానేసి లెక్క చెబుదాం. అర్జీ అందినట్టు రసీదు తీసుకుందాం. వేలిముద్ర వేసే ముందు ప్రతి అక్షరం చదివి వినిపిద్దాం.

ఈ సెక్షన్లను తెచ్చిపెట్టిన ఇంగ్లండే 2009లో చట్టం చేసి తన దేశంలో పరువు నష్టాన్ని నేరాల జాబితా నుంచి తీసేసింది. మన దగ్గర 2016లో సుప్రీంకోర్టు దీన్ని సమర్థించింది, 2023లో పార్లమెంటు కొత్త సంహితలోనూ ఉంచింది. పరువు పోయిందనుకునేవాడికి సివిలు దావా ఉండనే ఉంది, జైలెందుకు? ఇది రద్దు కావాలని అడుగుతూనే ఉందాం.

ఆ ఊళ్లో పోయిన నెల రేషను ఇచ్చిన రోజున మనవాళ్లు కాటా పట్టుకెళ్లి దుకాణం ముందే మళ్లీ తూచారు. ఈసారి నోటుబుక్కు కూడా తీసుకెళ్లారు. భయపడి వెనక్కు తగ్గినవాళ్లలో ఇద్దరు వచ్చి తమ సంచులు కూడా తూయించి రాయించారు.