రక్తహీనత: ఎవరి అజ్ఞానం?

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. అదే వయసు పురుషుల్లో 25 శాతం. దీనికి ముఖ్య కారణాల్లో ఒకటి ఇనుము లోపం. అవగాహనా సదస్సుల్లో మాత్రం వినిపించేది స్త్రీల అజ్ఞానం గురించే. ఆకుకూరలు తినండి, టీ మానండి అంటారు.

నిజమే, తిండితో పాటు టీ తాగితే అందులోని టానిన్లు ఇనుమును సరిగా ఒంటబట్టనివ్వవు. నిమ్మ, ఉసిరి తోడైతే ఆకుకూరల్లోని ఇనుము బాగా ఒంటబడుతుంది. ఒంట్లో ఇనుము నిల్వలు తగ్గితే పేగులు తమంతట తామే మరింత పీల్చుకుంటాయి కూడా. నెలనెలా పోయేదాన్ని శరీరం అలా పూడ్చుకోజూస్తుంది. కానీ పీల్చుకోవడానికి కంచంలో ఏముంది? అందరూ తిన్నాక గిన్నె అడుగున మిగిలిన చారు, నాలుగు మెతుకులు. నాట్లకు పోయే కూలీ స్త్రీ టీ తాగేది ఆకలి చంపుకోవడానికి. ఆమెకు టానిన్ల పాఠం చెప్పేవారు కూలి రేటు ఊసెత్తరు.

ఐరన్ మాత్రల పంపిణీ 1970లో మొదలై పేర్లు మార్చుకుంటూ నేటికీ సాగుతోంది. మలం నల్లబడుతుందనీ, కొందరికి వికారంగా ఉంటుందనీ ముందుగా చెప్పకుండా చేతిలో పెడతారు. భయపడి మానేస్తే మళ్లీ అజ్ఞానమే! ఎన్ని మాత్రలు పంచారో రిజిస్టరులో ఉంటుంది. ఇంట్లో గుడ్డు ఎవరి కంచంలో పడిందో, ఎవరు ఆఖరున తిన్నారో ఉండదు. కనీసం మన సంఘాల సర్వే ఫారాల్లోనైనా ఆ ప్రశ్నలు చేర్చాలి.