ఎవరిని అడగాలి అనుమతి?



ప్రభుత్వపు గుట్టును బయటపెట్టినవానికి, ఆ ప్రభుత్వపు స్థలంలోనే, ఎవరినీ అడగకుండా ప్రతిమ నిలిపితే అది గౌరవమా, అల్లరా? ఈ ప్రశ్న ఈమధ్య మా కరీంనగరు విశ్రాంతోపాధ్యాయ మిత్రుల నడుమ చర్చకు వచ్చింది. ఎక్కువమంది అల్లరే అన్నారు. నేను సమ్మతించలేదు. ఎందుకో ఇక్కడ కాస్త వివరంగా వ్రాస్తున్నాను.

ముందుగా జరిగిన సంగతి. 2015 ఏప్రిల్ 6వ తేదీన, ఇంకా తెల్లవారకముందే, న్యూయార్కు నగరంలోని బ్రూక్లిన్ ప్రాంతంలో, ఫోర్ట్ గ్రీన్ పార్కులో కొందరు కళాకారులు ఎడ్వర్డ్ స్నోడెన్ ప్రతిమను ఒక స్తంభం మీద అమర్చి వెళ్ళారు. సుమారు నాలుగడుగుల ఎత్తు, క్రింద అతని పేరు. పార్కు సిబ్బంది మొదట దానికి నీలిరంగు టార్పాలిన్ కప్పారు, ఆనాడే తొలగించారు. కొద్ది గంటలకే మరొక కళాబృందం అదే చోట పొగ మీద వెలుగు ప్రసరింపజేసి అతని రూపాన్ని కాసేపు నిలబెట్టింది. తరువాత పోలీసులు ప్రతిమను దాని కర్తలకు తిరిగి ఇచ్చివేశారు. పార్కు మూసిన వేళ లోపల ఉన్నందుకు కొద్దిపాటి జరిమానా వేశారు.

స్నోడెన్ అమెరికా జాతీయ భద్రతా సంస్థ పనులలో కాంట్రాక్టు ఉద్యోగిగా ఉన్నవాడు. ఎవరు ఎవరికి ఫోను చేశారు, ఎప్పుడు, ఎంతసేపు మాట్లాడారు అన్న వివరాలను ఆ సంస్థ కోట్లాది సామాన్యుల విషయంలో మూకుమ్మడిగా పోగుచేస్తున్నదని 2013 జూన్‌లో పత్రికల ద్వారా లోకానికి తెలియజేశాడు. అతనిపై గూఢచర్య చట్టం క్రింద కేసు పెట్టారు.

ఇటువంటివారిని మన పత్రికలు ‘ప్రజావేగు’ అంటున్నాయి. తెలుగు పండితునిగా ఈ మాట నాకు చాలా నచ్చింది. వేగు అంటే చారుడు. రాజును చారచక్షువు అన్నారు పూర్వులు, అంటే చారులే కన్నులుగా గలవాడని. స్నోడెన్ అటువంటి రాజనేత్రాలలో ఒకటి. ప్రజలవైపు తిరిగి ఉన్న ఆ కన్ను ఒకనాడు రాజువైపు తిరిగింది. రాజు వేగు ప్రజల వేగు అయినాడు. రాజుకు కోపం రావడంలో వింత లేదు. ఆ కోపాన్ని ప్రజలు కూడా తమ కోపంగా చేసుకోవడమే నాకు వింతగా ఉన్నది.

ఇక మిత్రుల ఆక్షేపణలు. అవి మూడు.

మొదటిది: అనుమతి లేదు కాబట్టి తప్పు. అయ్యా, అనుమతి ఎవరిని అడగాలి? కంచే చేను మేసినప్పుడు, ఆ మేతకు సాక్ష్యం చెప్పినవాణ్ణి గౌరవించడానికి కంచెను అడగాలా? ప్రభుత్వం తన తప్పు చూపినవానికి తానే పీట వేయాలంటే ముందు తప్పు ఒప్పుకోవాలి. అంతవరకు దరఖాస్తు బల్ల మీద పడి ఉండవలసిందే.

మన చౌరస్తాలను చూడండి. దారికి అడ్డంగా పుట్టుకొచ్చిన నాయకుల విగ్రహాలన్నిటికీ కాగితాలు ఉన్నవా? రోడ్ల మీద, కాలిబాటల మీద విగ్రహాలకు అనుమతి ఇవ్వరాదని సుప్రీంకోర్టు 2013 జనవరిలోనే ఆదేశించింది. ఆ తరువాత మన ఊళ్ళలో ముసుగులు తొలగించే సభలు ఆగినవా? వాటి జోలికి పోవడానికి మునిసిపాలిటీవారు జంకుతారు. బలవంతుడు అనుమతి అడగడు, కాదనేవాడు లేడు కనుక. బలహీనుడు అడగడు, ఔననేవాడు లేడు కనుక. ఈ రెండింటినీ ఒకే గాటన కట్టడం న్యాయం కాదు. బ్రూక్లిన్‌లోని ప్రతిమ దారికి అడ్డం రాలేదు. తొలగించినప్పుడు దాని కర్తలు బస్సులు తగులబెట్టలేదు. జరిమానాకు తల ఒగ్గారు. మన చౌరస్తాలలో ఒక్క విగ్రహమైనా ఈ పరీక్షకు నిలుస్తుందా?

రెండవది: అది అమరవీరుల స్థలం, దానిని అపవిత్రం చేశారని. నిజమే. ఆ పార్కులో 149 అడుగుల స్తంభం ఉన్నది. అమెరికా స్వాతంత్ర్య యుద్ధకాలంలో బ్రిటిషువారి ఓడలలో బందీలై మగ్గి మరణించిన 11,500 మందికి పైగా జనానికి స్మారకంగా 1908లో దానిని ఆవిష్కరించారు. కానీ వారెవరు? ఆనాటి ప్రభుత్వం దృష్టిలో వారు రాజద్రోహులు! ఒకనాటి రాజద్రోహుల చెంత నేటి రాజద్రోహి నిలిస్తే అపవిత్రం ఎక్కడ?

ఇది అర్థం చేసుకోవడానికి అంత దూరం పోనక్కరలేదు. మన ఆదిలాబాదులో ఇంద్రవెల్లి ఉన్నది. 1981 ఏప్రిల్ 20న భూమి కోసం సభకు వచ్చిన గోండుల మీద పోలీసులు కాల్పులు జరిపారు. ప్రభుత్వపు లెక్కలో మృతులు 13 మంది. ప్రజల లెక్క అంతకు ఎన్నో రెట్లు. వారు ప్రజావేగులు కారు. నేను చెప్పేది వారి స్తూపం సంగతి. జనం కట్టుకున్న ఆ స్తూపం కొన్నేళ్ళకే కూల్చివేతకు గురైనది. తరువాత ప్రభుత్వ సంస్థే తిరిగి కట్టించింది. అయినా ఏటా ఏప్రిల్ 20 వచ్చిందంటే చాలా ఏండ్లు అక్కడ నిషేధాజ్ఞలే. 2024 ఫిబ్రవరి 2న సాక్షాత్తు ముఖ్యమంత్రి వచ్చి అక్కడ స్మృతివనానికి శంకుస్థాపన చేశారు. నిన్న నేరమైనది నేడు అధికారిక కార్యక్రమమైనది. జనం ఆనాడు అనుమతి కోసం ఆగి ఉంటే ఈనాడు శంకుస్థాపనకు చోటే మిగిలేది కాదు.

మూడవది: పారిపోయినవాడు వీరుడెట్లా అవుతాడని. ఇది గట్టి ఆక్షేపణ, దాటవేయను. అతడు రష్యాలో తలదాచుకున్నాడు. 2022 సెప్టెంబరులో ఆ దేశపు పౌరసత్వం పొందాడు. సొంత ప్రజలలో నిజం పలికినవారిని చెరలో వేసే రాజ్యం అది. దానిని గురించి అతణ్ణి నిలదీయవలసిందే. కానీ గౌరవం అతడు చేసిన పనికి. ఆ పని మంచిదా చెడ్డదా అన్నది అమెరికా న్యాయస్థానాల మాటలోనే చూడండి. ప్రతిమను తొలగించిన నెలరోజులకు, 2015 మే 7న, అదే న్యూయార్కులోని అప్పీళ్ళ కోర్టు ఆ ఫోను వివరాల సేకరణకు చట్టం అధికారం ఇవ్వలేదని తీర్పు చెప్పింది. జూన్ 2న ఆ మూకుమ్మడి సేకరణకు స్వస్తి పలికే చట్టం వచ్చింది. 2020లో మరొక అప్పీళ్ళ కోర్టు కూడా అది చట్టవిరుద్ధమనే అన్నది. తప్పు చేసినవారి పదవులు పదిలం. తప్పు చూపినవానికి పరదేశం.

మనమేమి తక్కువ తిన్నాము? జాతీయ రహదారుల సంస్థలో ఇంజినీరు సత్యేంద్ర దూబే రోడ్డు పనులలోని అవినీతిని గురించి ప్రధాని కార్యాలయానికి వ్రాసి, తన పేరు గుప్తంగా ఉంచమని వేడుకున్నాడు. పేరు గుప్తంగా ఉండలేదు. 2003 నవంబరు 27న గయలో హత్యకు గురైనాడు. ఇటువంటివారి రక్షణకు పార్లమెంటు చేసిన చట్టానికి 2014 మే 9న రాష్ట్రపతి ఆమోదం లభించింది. ఆ చట్టం ఈనాటికీ అమలులోకి రాలేదు. బిడ్డ పుట్టింది, బారసాల జరిగింది, ఊయల మాత్రం ఖాళీ.

నేను పనిచేసిన ఒక ఊళ్ళో, వసతిగృహపు హాజరుపట్టీలో లేని పిల్లల పేర్లున్నాయని పై అధికారులకు వ్రాసిన గుమాస్తా ఒకాయన ఉండేవారు. దక్కిన ఫలం బదిలీ. పదవీ విరమణనాడు ఆయనకు శాలువా కప్పినవారు లేరు. ఆ పట్టీలు వ్రాయించినవారికి మాత్రం పూలదండలు, సన్మానపత్రం, ఫోటోలు. అన్నీ అనుమతితో జరిగినవే! అనుమతి ఉన్న గౌరవాల విలువ ఎంతో నాకు అక్కడే తెలిసింది.

ఊరికోసం, పశువుల మందకోసం ప్రాణమిచ్చినవానికి రాయి నిలిపి వీరగల్లు అన్న జాతి మనది. మందను తోలుకుపోయే దొంగ బయటివాడైతే రాయి నిలుపుతాము, కావలివాడే దొంగ అయితే అనుమతి పత్రం చూపమంటాము. ఇదేమి నీతి?

అనుమతులు ఇచ్చే అధికారం గలవారు ముందుగా ఆ 2014 నాటి చట్టానికి ప్రాణం పోయనీయండి. నిజం చెప్పిన ఉద్యోగి తన ఊళ్ళో, తన కుర్చీలో నిర్భయంగా కూర్చునే రోజు రానీయండి. ఆనాడు, అనుమతి లేని విగ్రహం కూడదని మా మిత్రులతో నేనూ గొంతు కలుపుతాను. అంతవరకు, ఒక్క పూటైనా నిలిచిన ఆ ప్రతిమ పక్షమే నాది.

విభేదించేవారు మొగమాటం లేకుండా వ్రాయండి. సమాధానం ఇస్తాను.

స్వస్తి.